గూఢచారికైనా విచారణ తప్పదు: కార్ నికోబార్ హత్యల కేసు ఏం తేల్చింది?

శత్రువుకు సంకేతాలు అందిస్తున్నాడన్న అనుమానంతో ఆక్రమణ సైన్యం ఒక పౌరుణ్ణి పట్టుకుంది. అతడు నిజంగానే గూఢచారి అనుకుందాం. అంతమాత్రాన విచారణ లేకుండా అతడి ప్రాణం తీసే అధికారం ఆ సైన్యానికి ఉంటుందా? 1946 మార్చిలో సింగపూర్‌లో కూర్చున్న బ్రిటిష్ సైనిక న్యాయస్థానం ఎదుటకు వచ్చిన ప్రశ్న ఇది. నిందితులు జపాన్ సైన్యానికి చెందినవారు. మృతులు కార్ నికోబార్ ద్వీపవాసులు, అక్కడ స్థిరపడిన ఇతర భారతీయులు. రెండో ప్రపంచ యుద్ధం ముగియడానికి కొద్ది వారాల ముందు, 1945 జులై, ఆగస్టు నెలల్లో, గూఢచర్యం ఆరోపణపై ఆ చిన్న ద్వీపంలో 80 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

అండమాన్ నికోబార్ అనగానే తెలుగు పాఠకులకు గుర్తుకు వచ్చేది సెల్యులర్ జైలు. రంప పితూరీలో పట్టుబడిన గాం మల్లుదొర వంటివారు శిక్ష అనుభవించినది ఆ దీవుల్లోనే. అయితే అవి మూడున్నరేళ్లపాటు జపాన్ ఆక్రమణలో ఉన్నాయనీ, ఆ కాలంలో పట్టుబడినవారి విషయమై తర్వాత యుద్ధ నేరాల విచారణ జరిగిందనీ తెలిసినవారు తక్కువ. యుద్ధ ఖైదీల హక్కుల గురించి చర్చ వచ్చినప్పుడల్లా న్యూరెంబర్గ్, టోక్యో విచారణలే ప్రస్తావనకు వస్తాయి. మన గడ్డపై జరిగిన నేరానికి సంబంధించిన ఈ కేసు మాత్రం ఎక్కువగా న్యాయశాస్త్ర పరిశోధకుల గ్రంథాలకే పరిమితమైంది.

ఆక్రమణ తొలి రోజుల నుంచే

1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. దీవులను నిలబెట్టుకోవడం సాధ్యం కాదని గ్రహించిన బ్రిటిష్ ప్రభుత్వం తన దళాన్ని ఉపసంహరించుకుంది. మార్చి 23న జపాన్ సేనలు ప్రతిఘటన లేకుండానే పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. ఆ పట్టణానికి 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీవిజయపురం అని పేరు మార్చింది. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్ యుద్ధ బందీ అయ్యారు. ఆయన కింద పనిచేసిన మేజర్ బర్డ్‌ను గూఢచర్యం నెపంతో బహిరంగంగా తల నరికి చంపారు. అంతకుముందే, ఇళ్లలోకి చొరబడుతున్న సైనికులపై ఎయిర్‌గన్ పేల్చిన జుల్ఫికర్ అలీ అనే యువకుణ్ణి అబర్డీన్ బజారు సమీపంలో జనం చూస్తుండగా హతమార్చారు. ఈ రెండు మరణాలకు ముందూ న్యాయ విచారణ అనదగినది ఏదీ జరగలేదు.

ఆ తర్వాతి కాలంలో గూఢచర్యం అనే మాట దీవుల్లో ఎవరిమీదనైనా ప్రయోగించగల ఆయుధంగా మారింది. మిత్రరాజ్యాల నౌకలు, జలాంతర్గాములు జపాన్ సరఫరా నౌకలను ముంచినప్పుడల్లా స్థానికులలో ఎవరో సమాచారం చేరవేస్తున్నారన్న శంక బలపడేది. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక శాఖకు నాయకత్వం వహించిన పంజాబీ కవి, వైద్యుడు దీవాన్ సింగ్‌ను సైతం 1943 అక్టోబరులో అరెస్టు చేశారు. చిత్రహింసల అనంతరం ఆయన 1944 జనవరి 14న సెల్యులర్ జైలులో మరణించారు. ఆయన ఇంకా ఆ జైలులో ఉండగానే, 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. దీవుల పాలన ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగించినట్లు ప్రకటన వెలువడినా, పోలీసు వ్యవస్థ జపనీయుల చేతుల్లోనే ఉండిపోయింది. పతాకావిష్కరణకు సరిగ్గా నెల రోజుల తర్వాత, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని గూఢచారులన్న అనుమానంతో కాల్చి చంపారు. వారిలో చాలామంది లీగ్ సభ్యులే.

చట్టం ఏమంటోంది?

యుద్ధంలో శత్రువు చేతికి చిక్కినవారందరి హోదా ఒక్కటి కాదు. యూనిఫాం ధరించి పోరాడుతూ పట్టుబడిన సైనికుడు యుద్ధ ఖైదీ. కేవలం పోరాడినందుకు అతణ్ణి శిక్షించరాదు. ఆక్రమిత ప్రాంతంలోని సామాన్యుడు పౌరుడు. అతడి ప్రాణాన్నీ, కుటుంబ గౌరవాన్నీ, ఆస్తినీ కాపాడవలసిన బాధ్యత ఆక్రమణదారుదే. ఈ ఇద్దరికీ భిన్నమైనవాడు గూఢచారి. మారువేషంలోనో, అబద్ధపు సాకుతోనో సైనిక కార్యకలాపాల ప్రాంతంలో సమాచారం సేకరించి ప్రత్యర్థికి చేరవేయాలని యత్నించేవాడని 1907 నాటి హేగ్ నిబంధనల్లోని 29వ అధికరణం అతణ్ణి నిర్వచించింది. అతడికి యుద్ధ ఖైదీ రక్షణ ఉండదు. మరణశిక్ష విధించడానికీ ఆ నిబంధనలు అడ్డుచెప్పవు.

అయితే ఆ వెంటనే వచ్చే 30వ అధికరణం ఒకే వాక్యంలో ఒక హద్దు గీసింది. చర్యలో ఉండగా పట్టుబడిన గూఢచారినైనా ముందుగా విచారణ జరపకుండా శిక్షించరాదన్నదే ఆ హద్దు. అనుమానితుడు అసలు గూఢచారి అవునో కాదో తేలేది ఆ విచారణలోనే కనుక, దాన్ని తొలగిస్తే మిగిలేది పట్టుకున్నవాడి నమ్మకం మాత్రమే. అల్లూరి సీతారామరాజును 1924 మే 7న పట్టుకున్న బలగాలు ఏ కోర్టు ఎదుటా హాజరుపరచకుండానే కొయ్యూరు వద్ద కాల్చి చంపాయి. పారిపోయే ప్రయత్నం చేశారన్నది నాటి ప్రభుత్వ వాదన. అది అంతర్జాతీయ యుద్ధం కాదు గనుక హేగ్ నిబంధనలు అక్కడ వర్తించవు. కానీ విచారణ లేని మరణం జనం మనసులో ఎంతకాలం నిలిచిపోతుందో తెలుగువారికి వేరే ఉదాహరణ అవసరం లేదు.

హేగ్ ఒప్పందాన్ని జపాన్ 1911లోనే ఆమోదించింది. 1929 నాటి జెనీవా యుద్ధ ఖైదీల ఒప్పందంపై సంతకం చేసినా ఆమోదముద్ర వేయలేదు. 1942 ఆరంభంలో మాత్రం అవసరమైన మార్పులతో దాన్ని పాటిస్తామని మిత్రరాజ్యాలకు తెలియజేసింది. మరోవైపు, ప్రాణాలతో పట్టుబడి అవమానం పాలు కారాదని 1941 జనవరిలో టోజో హిదెకి పేరిట వెలువడిన సైనిక ప్రవర్తనా నియమావళి తన సైనికులకు ఉద్బోధించింది. బందీ కావడమే సిగ్గుచేటని నూరిపోసిన సైన్యం తన చేతికి చిక్కిన బందీలను ఎలా చూసిందో సింగపూర్ రికార్డులు సాక్ష్యం చెబుతాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు 40 వేలకు పైగా భారతీయ సైనికులు బందీలయ్యారు. 1946 జనవరిలో అక్కడ జరిగిన మొట్టమొదటి యుద్ధ నేరాల విచారణ కూడా భారతీయ ఖైదీలకు సంబంధించినదే. పసిఫిక్‌లోని పలావు దీవులకు తరలించిన భారతీయ బందీలపై సాగిన అత్యాచారాలకుగాను కెప్టెన్ గొజావా, మరో తొమ్మిది మంది బోనెక్కారు. ఒక భారతీయ సైనికుడి తల నరికిన లెఫ్టినెంటుకు మరణశిక్ష పడింది.

1945 జులై: ఆకాశంలో వెలుగులు

కార్ నికోబార్ పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణాన సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉంది. చదునైన ద్వీపం కావడంతో జపాన్ సేనలు అక్కడ ద్వీపవాసుల చేత వెట్టిచాకిరీ చేయించి విమానాశ్రయం నిర్మించాయి. మేజర్ జనరల్ ఇట్సుకి తొషియో నాయకత్వంలోని బ్రిగేడ్ అక్కడ మోహరించింది. 1945 నాటికి సముద్ర మార్గాలు మూసుకుపోయాయి. ఆహారం, మందులు కొరవడ్డాయి. ఏ ఉదయమైనా మిత్రరాజ్యాల సేన తీరానికి రావచ్చన్న భయం సైన్యాన్ని ఆవరించింది.

జులై మొదటి పక్షంలో బ్రిటిష్ నౌకాదళం నికోబార్ జలాల్లో మందుపాతరలు తొలగిస్తూ, కార్ నికోబార్‌పై ఫిరంగులతోనూ విమానాలతోనూ దాడి చేసింది. ఆ రోజుల్లో ద్వీపం నుంచి ఆకాశంలోకి వెలుగు సంకేతాలు లేచాయని జపాన్ అధికారులు ఆరోపించారు. ఆహార దొంగతనాల కేసులో పట్టుబడిన కొందరిని ప్రశ్నించడంతో మొదలైన వ్యవహారం క్రమంగా గూఢచారి ముఠా ఉందన్న నిర్ధారణకు దారితీసింది. కొట్టగా ఒకరు మరొకరి పేరు చెప్పడం, ఆ మరొకరిని తెచ్చి మళ్లీ కొట్టడం, అతడు ఇంకొందరి పేర్లు చెప్పడం. జాబితా ఈ విధంగానే పెరిగింది. హింస కింద వెలువడిన ఒప్పుకోలు తప్ప మరో గట్టి ఆధారం అవసరమని విచారణాధికారులు భావించినట్లు కనిపించదు. కొందరు ఆ దెబ్బలకే మరణించారు. మిగిలినవారిని జట్లుజట్లుగా తీసుకుపోయి చంపారు.

నికోబారీల మతనాయకుడు జాన్ రిచర్డ్‌సన్ కూడా గూఢచర్యం అనుమానంపై నిర్బంధం అనుభవించారు. ఆగస్టు 15న జపాన్ లొంగుబాటు ప్రకటన రావడంతో ఆయన ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ యుద్ధమే మరికొన్ని వారాలు సాగి ఉంటే మృతుల సంఖ్య ఎక్కడ ఆగేదో ఊహించడం కష్టం.

బోనులో బ్రిగేడ్

అక్టోబరు 7న పోర్ట్ బ్లెయిర్‌లోని జింఖానా మైదానంలో వైస్ అడ్మిరల్ హారా తెయిజో, 116వ భారత పదాతి బ్రిగేడ్ కమాండర్ బ్రిగేడియర్ సాలమన్స్ ఎదుట లాంఛనంగా లొంగిపోయారు. తర్వాత దీవులలోని నేరాలపై దర్యాప్తులు సాగాయి. నిందితులను సింగపూర్‌కు తరలించారు.

అక్కడి న్యాయస్థానాలు 1945 జూన్‌లో వెలువడిన రాయల్ వారంట్ కింద ఏర్పడినవి. సాధారణ కోర్టు మార్షల్ నమూనాలోనే ఉన్నా వాటి నియమాలు కొంత సడలినవి. ఒక అధ్యక్షుడు, కనీసం ఇద్దరు సభ్యులు ఉండాలి. విన్న మాటను, ప్రమాణ పత్రాలను కూడా సాక్ష్యంగా స్వీకరించవచ్చు. ఒక దళం ఉమ్మడిగా నేరం చేసినట్లు కనిపిస్తే అందులో ఒకరిపై ఉన్న సాక్ష్యాన్ని మిగతావారిపైనా ప్రాథమికంగా పరిగణించవచ్చు. పై అధికారి ఆజ్ఞ పాటించానన్నది నేరం నుంచి విముక్తి ఇవ్వదు, శిక్ష తగ్గింపునకు మాత్రం ఉపయోగపడవచ్చు. తీర్పుపై అప్పీలు లేదు. శిక్షను ధ్రువీకరించే సైనికాధికారికి అర్జీ పెట్టుకోవడం ఒక్కటే మార్గం. నిందితుల తరఫున జపాన్ న్యాయవాదులు వాదించారు. 1946 నుంచి 1948 వరకు సింగపూర్‌లో ఇలాంటి విచారణలు 131 జరిగాయి.

కార్ నికోబార్ కేసులో ఇట్సుకితో పాటు దాదాపు పదిహేను మంది బోనులో నిలిచారు. చంపలేదని వారు వాదించలేదు. విచారణ జరిపే చంపామన్నారు. దండయాత్ర ముంచుకువస్తున్న వేళ పూర్తి స్థాయి సైనిక న్యాయస్థానాన్ని సమావేశపరచే వ్యవధి లేదనీ, అందుచేత సంక్షిప్త విధానం అనుసరించామనీ, దర్యాప్తు పత్రాలను పరిశీలించిన మీదటనే శిక్షలు ఖరారయ్యాయనీ ప్రతివాదుల పక్షం పేర్కొంది. ఈ వాదనను పూర్తిగా తోసిపుచ్చదగినదిగా భావించరాదు. యుద్ధభూమిలో సంక్షిప్త విచారణ అన్నది అన్ని సైన్యాలకూ పరిచితమే. మన సైనిక చట్టంలోనూ సమ్మరీ జనరల్ కోర్టు మార్షల్ ఉంది. కనుక అసలు వివాదం విచారణ ఎంత పొట్టిదన్నది కాదు. ఆరోపణ ఏమిటో నిందితుడికి తెలిసిందా? తన మాట చెప్పుకునే అవకాశం దక్కిందా? దర్యాప్తు చేసినవారికి భిన్నమైన వ్యక్తి ఎవరైనా ఆ సాక్ష్యాన్ని తూచి చూశారా? ఈ మూడూ లేనప్పుడు, ఫైలు చేతులు మారి సంతకం పడినంత మాత్రాన అది విచారణ కాజాలదు. దెబ్బలకు రాబట్టిన ఒప్పుకోలు కాగితాన్ని గదిలో కూర్చుని చదివిన అధికారి న్యాయమూర్తి కాలేడు.

న్యాయస్థానం ప్రతివాదుల వాదనను అంగీకరించలేదు. ఇట్సుకికి, మరికొందరికి మరణశిక్ష, ఇంకొందరికి కారాగార శిక్షలు విధించింది. ఇదే తరహా ప్రశ్న అదే కాలంలో షాంఘైలోనూ తలెత్తింది. 1942లో జపాన్‌పై బాంబులు వేసి పట్టుబడిన అమెరికా వైమానికులలో ముగ్గురికి మరణశిక్ష అమలు చేసిన జపాన్ సైనిక కోర్టు ఒక బూటకమని అమెరికా సైనిక కమిషన్ తేల్చింది. అక్కడ బాధ్యులకు పడినవి అయిదేళ్ల నుంచి తొమ్మిదేళ్ల శిక్షలు మాత్రమే.

దుబాసీకి ఉరి

మరణశిక్ష పడినవారిలో కిమురా హిసావో ఒకడు. క్యోటో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదువుతుండగా సైన్యంలోకి రావలసి వచ్చిన యువకుడు. హోదా చూస్తే సాధారణ సిపాయికి ఒక మెట్టు పైన. ఇంగ్లిష్ వచ్చు, స్థానిక భాష కూడా కొంత నేర్చాడు. ఆ కారణంగానే కార్ నికోబార్ పౌర పాలన కార్యాలయంలో అతడు దుబాసీ అయ్యాడు. అనుమానితులను ప్రశ్నించేటప్పుడు అధికారులకూ ద్వీపవాసులకూ నడుమ నిలిచింది అతడే. హింసలో పాలుపంచుకున్నాడనీ, తద్వారా మరణానికి కారకుడయ్యాడనీ అతడిపై అభియోగం.

చావు తప్పించుకున్న సాక్షికి బ్రిగేడియర్ ముఖం తెలియదు. ఆజ్ఞాపత్రంపై ఎవరి సంతకం ఉందో తెలియదు. తన భాషలో ప్రశ్న అడిగినవాడి గొంతు మాత్రం మరపురాదు. నిందితుణ్ణి గుర్తుపట్టడంపై ఆధారపడే ఏ విచారణలోనైనా కింది మెట్టున ఉన్నవాడు ముందుగా దొరికిపోవడానికి ఇది ఒక కారణం. రెండో కారణం, పై అధికారులను కాపాడే రీతిలో మాట్లాడవలసిందిగా విచారణకు ముందు తనపై ఒత్తిడి వచ్చిందని కిమురా చెప్పుకోవడం. శిక్ష పడిన తర్వాత అతడు జరిగింది వివరిస్తూ అధికారులకు ఇంగ్లిష్‌లో నివేదన రాశాడు. ఫలితం మారలేదు. 1946 మే 23న ఛాంగీ జైలులో అతణ్ణి ఉరితీశారు. వయసు 28 ఏళ్లు.

జైలులో చేతికి దొరికిన తానాబె హజిమె తత్త్వశాస్త్ర గ్రంథం అంచుల్లో అతడు పెన్సిల్‌తో తన చివరి మాటలు రాసుకున్నాడు. ఆ రాత 1949లో జపాన్‌లో వెలువడిన మృత విద్యార్థి సైనికుల లేఖల సంకలనంలో చోటుచేసుకుని తరాల తరబడి పాఠకులను కదిలించింది. ఇక్కడొక విచిత్రం ఉంది. జపాన్‌లో చదువుకున్నవారిలో అనేకులకు కార్ నికోబార్ పేరు కిమురా మూలంగానే తెలుసు. అక్కడ మరణించిన 80 మందికి పైగా ద్వీపవాసుల పేర్లు మాత్రం అంతగా ఎవరికీ తెలియవు. ఒక నిందితుడికి న్యాయం పూర్తిగా జరిగిందా అన్న సందేహం సమంజసమైనదే. కానీ అతడి విషాదం చదువుతూ, అతడు దుబాసీగా నిలిచిన గదిలో దెబ్బలు తిన్నవారిని మరచిపోవడం సరి కాదు.

విచారణకు ఒదగని మరణాలు

సింగపూర్ తీర్పులతో దీవుల లెక్క పూర్తి కాలేదు. 1945 ఆగస్టులో, ఆహార కొరత ముదిరిన దశలో, పోర్ట్ బ్లెయిర్ ప్రాంతానికి చెందిన వందలాది పౌరులను కొత్త భూములు సాగు చేయిస్తామని నమ్మించి పడవల్లో ఎక్కించారు. హావ్‌లాక్ ద్వీపం చేరువలో సముద్రంలోకి దూకవలసిందిగా బలవంతపెట్టారు. చాలామంది మునిగిపోయారు. ఒడ్డుకు కొట్టుకువచ్చినవారిలో అధికులు జనసంచారం లేని ఆ దీవిలో ఆకలితో మరణించారు. బతికి బయటపడినవారు చాలా కొద్దిమంది. 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన ఆ చోటికి ఏటా లక్షలాది పర్యాటకులు వెళ్తుంటారు. రాధానగర్ తీరం చూసి వచ్చేవారికి ఈ సంగతి ఎవరైనా చెబుతారా అన్నది సందేహమే.

విజేతల నడతలోనూ ఒక మెలిక ఉంది. లొంగిపోయిన జపాన్ సైనికులకు ఆగ్నేయాసియాలోని బ్రిటిష్ కమాండ్ యుద్ధ ఖైదీల హోదా ఇవ్వలేదు. లొంగిపోయిన జపాన్ సిబ్బంది అనే కొత్త పేరు పెట్టింది. ఆ పేరుతో జెనీవా ఒప్పందంలోని బాధ్యతలు కొన్ని తప్పాయి, పని చేయించుకునే సౌలభ్యం మిగిలింది. బందీకి ఏ పేరు పెడతామన్న దానిపై అతడి హక్కులు ఆధారపడే దుస్థితి అప్పటిదే కాదు. అక్రమ పోరాటయోధుడు వంటి మాటలతో తర్వాతి దశాబ్దాల్లోనూ అది కొనసాగింది.

నేటి భారత చట్టం

ఇటువంటి అనుభవాల నేపథ్యంలోనే 1949 జెనీవా ఒప్పందాలు రూపుదిద్దుకున్నాయి. పౌరుల రక్షణకు ప్రత్యేకించిన నాలుగో ఒప్పందం, గూఢచారి అన్న అనుమానం ఉన్న వ్యక్తికి కొన్ని సదుపాయాలను నిరాకరించవచ్చు గానీ న్యాయమైన, క్రమబద్ధమైన విచారణను నిరాకరించరాదని 5వ అధికరణంలో స్పష్టం చేసింది. ఆక్రమిత ప్రాంతంలో విధించిన మరణశిక్షను, దాన్ని గురించి తటస్థ రక్షక దేశానికి తెలియజేసిన నాటి నుంచి సాధారణంగా ఆరు నెలల వరకు అమలు చేయరాదన్నది మరో నియమం. కార్ నికోబార్ మృతులకు ఆ ఆరు నెలల గడువే గనుక ఉండి ఉంటే యుద్ధం ముగిసేది, వారు ఇళ్లకు చేరేవారు.

భారత్ ఈ ఒప్పందాలను 1950 నవంబరులో ఆమోదించింది. వాటిని అమలు చేసేందుకు పార్లమెంటు జెనీవా ఒప్పందాల చట్టం, 1960ని తెచ్చింది. రక్షణ పొందిన వ్యక్తిని ఉద్దేశపూర్వకంగా చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం, ఇతర తీవ్ర ఉల్లంఘనలకు 14 ఏళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. నేరం దేశం వెలుపల జరిగినా, నిందితుడు ఏ దేశ పౌరుడైనా ఈ చట్టం వర్తిస్తుంది. అయితే ప్రభుత్వం గానీ, అది నిర్దేశించిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు స్వీకరించడానికి వీలు లేదు. ఈ చట్టం వ్యక్తులకు నేరుగా కోర్టును ఆశ్రయించే ప్రత్యేక హక్కు కల్పించలేదని గోవాకు చెందిన మొంతెయిరో కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. బాధితుడి కుటుంబం వెళ్లి తట్టగల తలుపు ఈ చట్టంలో లేదన్నమాట. ఇది చిన్న లోపం కాదు.

1971 యుద్ధం తర్వాత భారత్ అధీనంలో సుమారు 93 వేల మంది పాకిస్థానీ బందీలు ఉన్నప్పుడు, వారిలో 195 మందిని యుద్ధ నేరాలపై విచారించాలని బంగ్లాదేశ్ కోరింది. 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో కుదిరిన త్రైపాక్షిక ఒప్పందంతో వారు కూడా స్వదేశానికి వెళ్లిపోయారు. విచారణ జరగలేదు.

సింగపూర్ విచారణల దస్త్రాలు లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో, యుద్ధ కార్యాలయపు 235వ శ్రేణిలో భద్రంగా ఉన్నాయి. హంఫ్రీగంజ్‌లో 44 మంది స్మారకం ఉంది. గూఢచారి అనుమానంపై నిర్బంధం అనుభవించిన జాన్ రిచర్డ్‌సన్ 1950లో బిషప్ అయ్యారు. 1952లో తొలి లోక్‌సభ ఏర్పడినప్పుడు, రాష్ట్రపతి నామినేట్ చేసిన సభ్యుడిగా, అండమాన్ నికోబార్ దీవుల మొదటి పార్లమెంటు ప్రతినిధి ఆయనే.